గీజరు కడుపులోని రాయి

నంద్యాల,
మంగళవారం.

దానమ్మక్కకు నీ చెల్లెలు మార్త ప్రభువు పేరట వందనాలు చెప్పుకొని రాసేది.

అక్కా, ఎలా ఉన్నావు? చేతివేళ్ల వాపు కొంచెమైనా తీసిందా, లేక చలి ముదిరేకొద్దీ ఇంకా బిగుసుకుంటున్నాయా? బావ దగ్గు ఎలా ఉంది? మంచు కురిసేటప్పుడు బయట పడుకోవద్దని చెప్పు. నేను చెప్పానంటే వినడు, పాస్టరుగారు చెప్పారని చెప్పు, వింటాడు. డేవిడు ట్రాక్టరు నిదానంగా తోలుతున్నాడా? ఆ శిరివెళ్ల దారిలో మలుపు గుర్తొస్తే నాకు ఇక్కడ ముద్ద దిగదు. కోడలు కరుణకు పంటినొప్పి పోయిందా? పిల్లలిద్దరూ బడికి సరిగ్గా పోతున్నారా? ఎర్రావు ఈనిందా, పెయ్యా కోడెదూడా? ఒక్కొక్కరి సంగతీ విడివిడిగా రాయించు. ఎవరినైనా విడిచిపెడితే వాళ్లకేదో అయింది, నాకు దాస్తున్నారు అని అనుకుంటాను. నా మనసు సంగతి నీకు తెలుసు కదా.

ఇక్కడ అందరం క్షేమమే. సుగుణా అల్లుడూ పొద్దున్నే వాళ్ల బళ్లకు వెళ్లిపోతారు, ఇద్దరూ టీచర్లే కాబట్టి మళ్లీ సాయంత్రానికి గాని ఇంటికి రారు. అంతసేపూ నేనొక్కదాన్నే. ఊళ్లో అయితే అరుగు మీద కూర్చుంటే దారిన పోయే ప్రతి మనిషీ పలకరిస్తాడు. ఇక్కడ తలుపులు మూసుకుని ఉంటారు. ఒకటి రెండుసార్లు నేను రేడియోతో మాట్లాడాను, ఎవరికీ చెప్పకు. అన్నం బాగానే తింటున్నాను. బియ్యం మంచివే, కానీ ఇంటి వెనక బోరింగు నుంచి మోటరుతో కొళాయిలకు ఎక్కే నీళ్లకు పప్పు ఉడకదు. ఎంతసేపు పెట్టినా కందిబేడ అలాగే గుండ్లలాగా నిలబడుతుంది. నాకు చేతకావడం లేదేమో, కూతురింట్లో మాట పడతానేమో అని ఎంత దిగులు పడ్డానో. అది నా తప్పు కాదని ఇప్పుడు తెలిసింది, ఎలా తెలిసిందో చెబుతాను. నాకేమీ లేదు, బాగున్నాను, నువ్వు దిగులు పడవద్దు.

ఇక అసలు సంగతి. నాకు రాయడం సరిగ్గా రాదని నీకు తెలుసు, చదివేటప్పుడు కరుణను తప్పులు సర్దుకోమను. పాస్టరుగారు ఇక్కడ మీటింగుకు వచ్చినప్పుడు నీ మాట నాకు చెప్పారు. "మార్తకు టౌన్లో కాళ్లు నిలబన్యాయి, ఇంక ఈ అక్కతో ఏం పని అని చెప్పండి" అన్నావంట. ఆయన నవ్వుతూనే చెప్పారు. నేను లోపలికి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. చలికాలమంతా నా దగ్గర ఉంటానని నువ్వు ఆశపడి ఉత్తరం రాయిస్తే, ఇప్పుడు రావద్దని ఒక్క ముక్క రాసి పంపాను. ఎందుకో రాయలేదు. నువ్వు అలా అనుకోవడంలో తప్పులేదు. కానీ కారణం నువ్వు కాదక్కా. కారణం మా స్నానాల గదిలో గోడకు ఉండింది.

ఇది అద్దె ఇల్లు. ఇల్లు గలాయన తన ముసలితల్లి కోసమని గోడకు గీజరు బిగించాడంట. ఆమె పోయాక ఆయన కర్నూలుకు మారిపోయి ఇల్లు మనవాళ్లకిచ్చాడు. గీజరు అంటే, పెళ్లిళ్లలో పాయసం కాచే గుండిగను నిలువుగా పెట్టి, మూత బిగించి, తెల్ల రంగు వేసి గోడకు తగిలించినట్టు ఉంటుంది. కింద రెండు గొట్టాలు. ఒకదాంట్లో చన్నీళ్లు లోపలికి పోతాయి, ఇంకోదాంట్లో వేడినీళ్లు బయటికి వస్తాయి. స్విచ్చి వేస్తే చిన్న ఎర్రదీపం వెలుగుతుంది, అంతే. పొగ లేదు, బూడిద లేదు, ఊదుడుగొట్టం లేదు, పత్తికట్టె లేదు. వచ్చిన మొదటిరోజు సుగుణ కొళాయి తిప్పితే పొగలు కక్కుతూ నీళ్లు వచ్చాయి. నేను చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. ఎక్కడా నిప్పు కనపడకుండా నీళ్లు కాగడం నా అరవై దాటిన వయసులో అదే మొదటిసారి చూడటం. ఆ రోజు స్నానం చేసి బయటికి వచ్చి ప్రార్థన చేసుకున్నాను, ఏమని చేయాలో తెలియలేదు.

ఇంకో విచిత్రం విను. నీళ్లు కాచే కాగులో నుంచి ఒక చెంబు ముంచితే ఒక చెంబు పోయాలని అమ్మ మనల్ని ఎన్నిసార్లు తిట్టలేదు? ఈ గీజరు కూడా అంతే. చన్నీళ్లు లోపలికి పోతేనే అవి తోసి వేడినీళ్లను బయటికి పంపుతాయంట. అమ్మ పెట్టిన కట్టుబాటును ఈ డబ్బా ఎవరూ చెప్పకుండానే పాటిస్తోంది. అల్లుడు ప్రభుదాసు ఇది చెప్పినప్పుడు నేను నమ్మలేదు. చన్నీళ్ల గొట్టం మూసి చూపించాడు, వేడినీళ్లు ఆగిపోయాయి.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత శబ్దం మొదలైంది. మొదట్లో ఎవరో లోపల కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్టు చిటపటమని వినపడేది. అది పెరిగి పెనంలో వేపుతున్నట్టు అయింది. ఆ తర్వాత గులకరాళ్లు పోసుకున్న బిందెను ఎవరో దొర్లిస్తున్నట్టు గడగడలాడేది. మధ్యలో ఉండి ఉండి లోపలి నుంచి ఒక్క గుద్దు గుద్దేది. ఆ గుద్దుకు గూట్లో సబ్బుపెట్టె అదిరేది. పక్క గదిలో ఉన్న నేను లేచి నిలబడేదాన్ని.

సుగుణకు చెబితే, "మా, మిషన్లంటే సప్పుడు చేస్తాయి, ఊర్లో పిండిమర చెయ్యదా" అంది. పిండిమర దగ్గర నేను బట్టలిప్పి స్నానం చేయను కదా. నేను పొద్దంతా దాన్ని గమనించడం మొదలుపెట్టాను. కొళాయి తిప్పినప్పుడు శబ్దం లేదు. స్విచ్చి వేసిన వెంటనే కూడా లేదు. కాసేపటికి, డబ్బా వెచ్చనయ్యాక మొదలవుతుంది. ఎర్రదీపం దానంతటది ఆరిపోతే శబ్దం కూడా మెల్లగా అణిగిపోతుంది. మళ్లీ దీపం వెలిగితే మళ్లీ వస్తుంది. ఇదంతా తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని, లోపలికి పోకుండా. ఒకసారి అల్లుడు తొందరగా ఇంటికి వచ్చి చూశాడు.

"ఏందత్తా, తలుపు పట్టుకోని ఆడ నిలబన్యావు? ఎవరన్నా ఉండారా లోపల?"

"లోపల ఎవరూ లేరు నాయనా. డబ్బాలో ఉండారేమో."

పగలబడి నవ్వాడు. మంచివాడే, కానీ నా భయాలు వాళ్లకు అలవాటైపోయాయి. కుక్కర్ ఈలకు భయపడ్డాను, పైన ఫ్యాను ఊగితే భయపడ్డాను, కాబట్టి ఇది కూడా అలాంటిదే అనుకున్నాడు. వాళ్లు వేడినీళ్లతో స్నానం చేసినంతసేపూ నేను బయట ప్రార్థన చేస్తూ ఉండేదాన్ని. నేను మాత్రం చన్నీళ్లే పోసుకునేదాన్ని, వాళ్లకు తెలియకుండా.

సరిగ్గా ఆ రోజుల్లోనే నీ ఉత్తరం వచ్చింది. వేళ్లు మడత పడటం లేదు, చెంబు ఎత్తలేకపోతున్నాను, స్నానం చేసే జాలాడి దగ్గర చన్నీళ్లు తగిలితే ఎముకల్లో సూదులు గుచ్చినట్టుంది అని రాయించావు. చదివి నాకు మొదట సంతోషమైంది. నంద్యాలకు తెచ్చుకుంటాను, రోజూ వేడినీళ్లతో నేనే పోస్తాను అనుకున్నాను. ఆ తర్వాత లోపలి నుంచి గుద్దు వినపడింది. నేనైతే ఏదన్నా అయితే ఉరుకుతాను. నీకు ఆ మోకాళ్లతో లేవడానికే కాసేపు పడుతుంది. తలుపు గడియ నీ వేళ్లకు రాదు. ఆ డబ్బా కింద నిన్ను కూర్చోబెట్టి ఎలా పోయను? భయమని రాస్తే బావ నవ్వుతాడు, కూతురింట్లో వసతి సరిగ్గా లేదని ఊళ్లో అనుకుంటారు. అందుకే కారణం లేకుండా రావద్దని రాశాను. నిన్ను తలుచుకుని ఏడవని రోజు లేదు.

పాస్టరుగారు ఊరికి వెళ్లాక అల్లుడు నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. అంతా చెప్పాను. ఈసారి నవ్వలేదు. "ఇంతదానికి పెద్దమ్మను రావద్దన్యావా? నాతో గట్టిగా చెప్పొద్దా" అని, అదే శనివారం మోటర్లు బాగుచేసే ఖాజా అనే ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, గడ్డం నెరిసింది, నోట్లో ఎప్పుడూ ఒక వక్కపలుకు.

ఆయన వెంటనే విప్పలేదు. స్విచ్చి వేయించి, నిలబడి, విన్నాడు. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవరు మొన డబ్బాకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టినట్టే. కింద ఒకచోట, పైన ఒకచోట విని, తల ఆడించాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"రా పెద్దమ్మా, నువ్వూ ఇను."

"పేలుతుందా నాయనా?"

"పేలేదుంటే నిన్ను పిలుస్తానా? నేనే నీకంటే ముందు ఉరుకుతుంటి."

చెవి పెట్టాను అక్కా. లోపల ఒక యేరు పారుతోంది. యేటి అడుగున రాళ్లు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి, నీళ్లు వాటి సందుల్లోంచి గుటకలు వేస్తున్నాయి. గోడకు తగిలించిన ఒక డబ్బాలో అంత పెద్ద చప్పుడు, అంత లోతు ఎలా పట్టిందో నాకు తెలియలేదు. భయం పోలేదు గాని, దానితోపాటు ఇంకేదో వచ్చింది. చెవి తీయబుద్ధి కాలేదు. ఖాజానే నవ్వి స్క్రూడ్రైవరు లాక్కున్నాడు.

తర్వాత కరెంటు మెయిను తీసేశాడు. తీశాక కూడా టెస్టరుతో తాకి చూశాడు. నీళ్లు వచ్చే దారి మూసి, డబ్బా చల్లారేదాకా ఆగాలన్నాడు. టీ తాగుతూ అడిగాడు, "దీన్ని పొద్దుకు ఎంతసేపు పెడతారు?"

"పొద్దున కాసేపే," అన్నాడు అల్లుడు.

నేను ఊరకే ఉండలేకపోయాను. "పొద్దున ఏస్తాను, పండుకునే ముందర తీస్తాను," అన్నాను.

ముగ్గురూ నావైపు తిరిగారు. సుగుణ టీ గ్లాసు కింద పెట్టేసింది.

"పొద్దంతానా? ఎందుకుమా?"

ఎందుకేముంది అక్కా. మన ఇంట్లో కాగు కింద నిప్పు ఎప్పుడన్నా ఆరిందా? స్నానాలు అయిపోయినా అమ్మ బూడిద కప్పి నిప్పు కాచేది. పొలం నుంచి ఎవరు ఏ వేళకు వచ్చినా కాళ్లకు వేడినీళ్లు ఉండాలి, ఇంటికి వచ్చిన మనిషి ముందర కాగు చల్లగా ఉంటే ఆమెకు తలకొట్టేసినట్టుండేది. ఈ ఇంట్లో కాగు నా చేతికి వచ్చింది, నేను ఆరనివ్వలేదు. అదే చెప్పాను. సుగుణ తల పట్టుకుంది. ఖాజా మాత్రం, "మా అమ్మీ అంతే, సచ్చేదాకా పొయ్యి ఆర్పలే," అని, "కానీ పెద్దమ్మా, నీ పొయ్యికి నోరుండ్లే. దీనికుంది, ఓర్చుకోలేక అరుస్తాది," అన్నాడు.

చల్లారాక కొళాయి తెరిచి నీళ్లు వదిలాడు. మొదట మామూలు నీళ్లు, తర్వాత సున్నం కలిపినట్టు తెల్లగా, చివరికి బొటబొటమని అడుసు. కింద చుట్టూ ఉన్న బోల్టులు ఒక్కొక్కటే విప్పి, లోపలి కడ్డీని పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.

అది కడ్డీ అంటే నమ్మలేదు. వేలంత లావు రాగి కడ్డీ అంట లోపలిది. బయటికి వచ్చింది మాత్రం నా ముంజేయి లావు, జొన్నకంకి మాదిరి గింజలు గింజలుగా, తెల్లటి రాయి. కడ్డీ వెంబడే డబ్బాలో నుంచి పెళ్లలు జారాయి. చేత్తో లోపల కెలికాడు, ఇంకా వచ్చాయి. ఒక బకెట్టు నిండింది. గుడ్డు పెంకుల్లాంటివి కొన్ని, నాపబండ పలకల్లాంటివి కొన్ని. అల్లుడు మోకాళ్ల మీద కూర్చుని బకెట్టులో పెళ్లలు అటూ ఇటూ తిప్పి చూశాడు. సుగుణ ఒకటి తీసి గోటితో గీకింది.

"యాడ నుంచి వచ్చింది నాయనా ఇంత రాయి?" అన్నాను.

"ఎవరూ వెయ్యలే పెద్దమ్మా. మీ బోరింగు నీళ్లల్లోనే ఉండాది. కంటికి కనపడదు. కాగితే విడిపోయి కూచుంటాది. నువ్వు ఎంత కాస్తే అంత కూచుంటాది. ఈ పెళ్లల కింద చిక్కిన నీళ్లు ముందు ఉడుకుతాయి, పైకి రానీక దారి లేక తంతాయి. అదే నీకు ఇనపడేది."

ఆ నీళ్లకే పప్పు ఉడకదని కూడా ఆయనే చెప్పాడు. తాగేదానికీ వంటకూ మున్సిపాలిటీ కొళాయి నీళ్లు పట్టుకోమన్నాడు. ఇప్పుడు పట్టుకుంటున్నాను, పప్పు వెన్నలాగా ఉడుకుతోంది.

ఒక పెళ్ల నా చేతికిచ్చాడు. డబ్బా చల్లారినా అది ఇంకా గోరువెచ్చగానే ఉంది. విరిచి చూస్తే ఉల్లిపాయ మాదిరి పొరలు. ఎన్ని పొరలో. లోపలి పొరల్లో ఆ ఇల్లు గలాయన తల్లి పోసుకున్న స్నానాలు ఉంటాయి, పై పొరల్లో మావి. ఆమెను నేను చూడలేదు, పేరు కూడా తెలియదు, కానీ ఆమె ఒంటి మీద పడిన నీళ్లు విడిచిపోయిన రాయి నా అరచేతిలో ఉంది. బండలో నుంచి నీళ్లు వచ్చిన కథ ఆదివారం బడిలో మనిద్దరం నోరు తెరుచుకుని విన్నాం, గుర్తుందా? నీళ్లలో నుంచి బండ రావడం నేను కళ్లారా చూశాను. మనం పుట్టినప్పటి నుంచి తేటగా ఉందని తాగే నీళ్లు ఇంత రాయిని మోసుకుని తిరుగుతున్నాయి. దేవుడు దేనిలో ఏమి దాచాడో మనకేం తెలుసు.

ఒక్క సంగతి మాత్రం చూసి ఖాజా ముఖం మారింది. గొట్టం దగ్గర చిటికెన వేలంత ఇత్తడి బుడిపె ఒకటి ఉంటుంది. లోపల వేడి మితిమీరితే నీళ్లూ ఆవిరీ వాటంతట అవే బయటికి పోయే దారి అది. దాని నోరు కూడా సున్నంతో మూసుకుపోయింది.

"ఇది మంచిది కాదు సారూ," అన్నాడు అల్లుడితో. ఇంకేమీ వివరించలేదు. బజారుకు పోయి కొత్తది తెచ్చి బిగించాడు. నేను అడగలేదు, అడగాలనిపించలేదు. ఇన్నాళ్లూ మమ్మల్ని కాచిన చెయ్యికి దండం పెట్టుకున్నాను.

కడ్డీని నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టాడు. బుసబుసమని నురగ వచ్చి రాయి కరిగి ఊడిపోయింది. కాగు తోమడానికి మనం చింతపండు రుద్దేవాళ్లమని చెబితే, "రెండూ ఒకే జాతి పెద్దమ్మా, పులుపుకు సున్నం ఆగదు," అన్నాడు. మెరిసే ఎర్రటి కడ్డీ బయటపడింది. కొత్త రబ్బరు వాచరు వేసి బిగించి, ముందు నీళ్లు నింపాడు. కొళాయిలో నీళ్లు ధారగా వచ్చేదాకా స్విచ్చి ముట్టుకోవద్దని నాకు రెండుసార్లు చెప్పాడు, నాతో చెప్పించుకున్నాడు. వేడిని పెంచి తగ్గించే మరను తగ్గించి పెట్టాడు. యేడాదికోసారి విప్పి కడగాలి, పొద్దున స్నానాలకు ముందు వేసి, ఆపేశాకే స్నానానికి పోవాలి. ఇవన్నీ ఇప్పుడు నా పని. స్విచ్చి మీద వేరేవాళ్లను చెయ్యి పెట్టనివ్వడం లేదు.

ఆ సాయంత్రం స్విచ్చి వేసి నిలబడ్డాను. ఎర్రదీపం వెలిగింది. ఏ శబ్దమూ లేదు. పనిచేయడం లేదేమో అనుకున్నాను. చెవి ఆనించి విన్నాను, ఏమీ లేదు. దీపం ఆరాక స్విచ్చి తీసి కొళాయి తిప్పితే వేడినీళ్లు. అంత మౌనంగా కాగాయి. నేను తలుపు వేసుకుని, పీట వేసుకుని కూర్చుని, చాలాసేపు పోసుకున్నాను. నా మోకాళ్ల నొప్పి మర్నాడు పొద్దున్నదాకా రాలేదు. నా మోకాళ్లకే అంత హాయిగా ఉంటే నీ వేళ్లకు ఎలా ఉంటుందో అనుకున్నాను.

అందుకే అక్కా, నా మీద కోపం ఉంటే ఉంచుకో, కానీ ఇంట్లో కూర్చుని ఉంచుకోవద్దు. ఇక్కడికి వచ్చి నా ముఖాన తిట్టు. చెంబు నువ్వు ఎత్తనక్కరలేదు, గడియ నువ్వు వేయనక్కరలేదు, నేను తలుపు దగ్గరే ఉంటాను. నీళ్లు నేను పోస్తాను. చిన్నప్పుడు నా తల నువ్వే కదా రుద్దేదానివి. చలి పోయేదాకా ఉండు, నెల కాదు రెండు నెలలు ఉండు. సుగుణ నీకోసం మంచం కూడా అడిగి తెచ్చింది. బావకు వంట సంగతి కరుణ చూసుకుంటుంది, ఆ పిల్ల బంగారం. వచ్చేటప్పుడు కొంచెం జొన్నపిండి, దొరికితే మటిక్కాయలు తీసుకురా, ఇక్కడ గోరుచిక్కుళ్లంటారు, ఇక్కడివి పీచు. బరువైతే ఏమీ తేవద్దు, నువ్వొస్తే చాలు. ఊలు శాలువ మాత్రం మరిచిపోవద్దు, బస్సులో కిటికీ పక్కన కూర్చోవద్దు.

బావకు, పాస్టరుగారికి, పాస్టరమ్మగారికి నా వందనాలు. డేవిడుకూ కరుణకూ దీవెనలు, పిల్లలకు ముద్దులు. నీ చెయ్యి నా తల మీద పెట్టి దీవించినట్టే అనుకుని ముగిస్తున్నాను.

నీ చెల్లెలు,
మార్తమ్మ.

రాయడానికి చోటు లేక పక్కన రాస్తున్నాను. వచ్చే శనివారానికి అంతా సిద్ధం చేశాం. డేవిడు నిన్ను ఆళ్లగడ్డలో పొద్దున మొదటి బస్సు ఎక్కిస్తే చాలు. నేను నంద్యాల బస్టాండులో ఉంటాను. ఆ బస్సులో దిగకపోతే తర్వాతి బస్సుకు, అందులోనూ దిగకపోతే దాని తర్వాతి బస్సుకు కూడా అక్కడే ఉంటాను. శనివారం.